పాటకు పందిరి, నవ్వుకు పీట

చైత్రమాసము ప్రవేశించిన పిదప ఖమ్మమునుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలమునకు పోవు దారిలో పయనించువానికి, ఎండ తీక్ష్ణమగుకొలదిని అరణ్యమునకు ఉత్సాహము హెచ్చుచున్నట్లు తోచును. టేకుచెట్లు ఆకు రాల్చి కొమ్మలతో మాత్రమే నిలిచియుండును. తెల్లవారుజామున ఇప్పచెట్ల క్రింద రాలిన పూలను బుట్టల కెత్తుకొను స్త్రీలు కనబడుదురు. మరికొన్ని వారములు గడచునప్పటికి రేలచెట్టు తన ఆకును మరచి, నిలువెల్ల పసుపుపచ్చని గుత్తులను వ్రేలాడవేసికొని, పెండ్లిపందిరికి కట్టిన తోరణమువలె దారిప్రక్కన నిలుచును. మన పల్లెలకు పండుగలకాలము కూడ ఇదియే. వానకాలపు పంట ఇల్లు చేరినది. యాసంగి కోత ముగింపునకు వచ్చుచున్నది. తొలకరికి ఇంకను వ్యవధి కలదు. పగలు పనిచేయనీయని ఎండ, రాత్రి కన్ను మూయనీయని ఉక్క. ఈ రెంటి నడుమ మన పెద్దలు కనిపెట్టిన ఉపాయము తాటాకుపందిరి, దాని క్రింద తెల్లవారువరకు సాగు కథ, పాట, నవ్వు.

పాట, నవ్వు అని రెండు మాటలు వ్రాసితినిగాని, ఈ ప్రాంతపు వేసవియుత్సవములలో ఆ రెంటిని విడదీసి చూచుట కష్టము. సంగీతసభ వేరుగా, హాస్యసభ వేరుగా ఏర్పరచుకొను పద్ధతి నగరములలో ఇటీవల వచ్చినది. పల్లెపందిరిలోనైతే భక్తితో కన్నీరు పెట్టించిన గాయకుడే, ఆ కన్నీరు తడియారకముందే, ప్రక్క నున్నవాని ప్రశ్నచేత ప్రేక్షకులను కడుపుబ్బ నవ్వించును. ఆ ప్రశ్న అడుగువానిని మనము హాస్యగాడని తేలికగా పిలుచుచున్నాము. కాని వాడు మన ప్రతినిధి. కథలోని రాజుకు, దేవునికి, మునికి ఎదురుగా నిలిచి, సామాన్యుడు మనసులో అనుకొని పైకి అనలేని మాటను వాడు మన పక్షమున అడుగును. అందుచేతనే పురాణము పండితుల సొత్తుగా మిగిలిపోక మన ఇంటికథ యైనది. ఈ మాట ఎంతవరకు నిజమో భద్రాచలముతోనే పరీక్షించి చూతము.

భద్రగిరిపై శ్రీసీతారాముల కల్యాణము చైత్రశుద్ధ నవమినాడు అభిజిల్లగ్నమున, అనగా సరిగా మిట్టమధ్యాహ్నవేళ, జరుగునని తెలుగువారందరు ఎరుగుదురు. అంతకు ముందునాటి సాయంకాలము జరుగు ఎదురుకోలు ఉత్సవమును గూర్చి దూరప్రాంతములవారికి అంతగా తెలియదు. మన పెండ్లిండ్లలో మగపెండ్లివారు విడిదికి వచ్చునపుడు ఆడపెండ్లివారు ఎదురేగి, పానకపు బిందెలతో స్వాగతమిచ్చి, మాటకు మాట అంటించుకొను ఆచారము కలదు గదా. దానినే దేవుని పెండ్లికిని అన్వయించినారు. ఉత్సవమూర్తులను ఎదురెదురుగా వేంచేపు చేసి, అర్చకులు, పెద్దలు రెండు పక్షములై, ఒకరు రామునివంశమును, మరియొకరు సీతమ్మవంశమును కొనియాడుచు వాదమునకు దిగుదురు. మా పిల్లవాడు శివుని విల్లు విరిచినవాడని ఒకరనగా, ఆ వింటిపెట్టెను మా పిల్ల చిన్ననాడే ఆటలో ప్రక్కకు జరిపినదని వేరొకరందురు. మీవాడు పాయసమునకు పుట్టెనని ఒకరు, మీ పిల్ల నాగటిచాలులో దొరకెనని మరొకరు. వాదము ఇట్టి తీరున సాగును. వేదము చదివిన నోళ్లు ఇంత చనువుగా ఎగతాళి చేయుచుండగా, దానియందు అపచారమున్నదని తలచువాడు ఒక్కడును ఉండడు.

భరతముని నాట్యశాస్త్రమునందు శృంగారమునుండి హాస్యము పుట్టునని చెప్పినాడు. నవ్వును స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము అని ఆరువిధములుగా విభజించి, మొదటి రెండును ఉత్తములకు, నడిమి రెండును మధ్యములకు, చివరి రెండును అధములకు కేటాయించినాడు. ఎదురుకోలునాటి ప్రాంగణమున ఈ ఆరును ఒకేచోట వినవచ్చును. ఎవరి నవ్వు ఏ తరగతికి చెందినదో విభజింప ఎవరికిని ఓపిక యుండదు. అట్టి సమయమున నా ముందు కూర్చున్న చిన్నపిల్ల ఒకతె, వాదము ఎటు మొగ్గుచున్నదో పోల్చుకొనలేక, “నాయనమ్మా, మనం పిల్ల తరఫా, పిలగాని తరఫా?” అని అడిగినది. ఆ ముసలమ్మ పిల్లను దగ్గరకు తీసికొని, “మనం పెండ్లోళ్లం బిడ్డా” అన్నది. ఉత్సవమునకు పోవుట యన నేమో నేను ఆనాడు తెలిసికొంటిని.

దేవునితో ఇంత చనువు మనకెట్లు వచ్చెనో తెలియుటకు భద్రాచలపు పాట పుట్టిన రీతిని తలచుకొనవలెను. ఖమ్మమునకు సమీపమునందున్న నేలకొండపల్లిలో 17వ శతాబ్దిలో జన్మించిన కంచెర్ల గోపన్న, గోలకొండ ప్రభువగు అబుల్ హసన్ కుతుబ్‌షా కాలమున పాల్వంచ పరగణాకు తహసీలుదారై, పోకల దమ్మక్క పందిరి వేసి కొలుచుచుండిన మూర్తులకు ఆలయము కట్టించెననియు, ఆ పనికి సర్కారు పైకము వెచ్చించిన నేరమునకు గోలకొండకోటలో పండ్రెండేండ్లు బందీయైయుండెననియు మన పెద్దలు చెప్పుదురు. ఆ చెరలో ఆయన పాడినవానిలో వేడుకోలు ఎంత కలదో దెప్పిపొడుపు అంతకు తీసిపోదు. ఒక కీర్తనలో ఆయన, దేవునికి చేయించిన నగలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, దేనికెన్ని మొహరీలు పట్టినవో అప్పులవానివలె ముఖముమీద చెప్పి, ఇవన్నియు ఎవరబ్బ సొమ్మని కులుకుచున్నావని నిలదీయును. మరుక్షణమున దెబ్బలు తాళలేక తిట్టితినని మన్నింపు కోరును. అలంకారికులు దీనిని నిందాస్తుతి యందురు. రెవెన్యూ ఉద్యోగి జమాఖర్చులభాషలో దేవునిపై దావా వేసిన ఈ పాటను విని నవ్వనివాడు లేడు. నవ్విన వెనువెంటనే గొంతు పూడుకొననివాడును లేడు. ఇక్కడ హాస్యగాడు ప్రక్కన వేరుగా లేడు. భక్తుడే ఆ పని చేసినాడు, ప్రభువును ప్రశ్నించినాడు.

పిమ్మట గుంటూరు ప్రాంతమునుండి వచ్చిన తూము నరసింహదాసు 19వ శతాబ్ది ఆరంభమున ఈ ఆలయపు నిత్యసేవలను, ఉత్సవములను పాటతో ముడివేసి క్రమపరచినాడు. సీతమ్మను ఎడమతొడపై నిడుకొన్న చతుర్భుజుడైన వైకుంఠరాముడు ఇక్కడి మూలమూర్తి. కుతుబ్‌షాహీలనాడు మొదలై, నిజాము ప్రభువుల ఏలుబడిలోను సాగి, నేటికిని ప్రభుత్వమే ముత్యాల తలంబ్రాలను, పట్టువస్త్రములను సమర్పించు సంప్రదాయము నిలిచియున్నది. ధాన్యపుగింజలను గోటితో ఒలిచి తలంబ్రములకు పంపు భక్తులును కలరు. కల్యాణదినమున, ఆ పెండ్లి జరుగు మిథిలాప్రాంగణమున కూర్చున్నవానికి, జీలకఱ్ఱ బెల్లము, మాంగల్యధారణము ముగియువరకు గంభీరముగా నున్న జనసమూహము, తలంబ్రముల ఘట్టము రాగానే బాలురవలె సంతోషమున కేకలు వేయుట చూడ ముచ్చటగా నుండును. పోలేనివారికి ఆకాశవాణి ఉండెను. ఉషశ్రీగా ప్రసిద్ధులైన పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు ఈ కల్యాణమునకు చేసిన ప్రత్యక్షవ్యాఖ్యానము, రేడియో గల ప్రతియింటిని ఆ మధ్యాహ్నము ఒక చిన్న పందిరిగా మార్చినది. పురాణప్రసంగములలో వారు జోడించు చమత్కారములకై చెవియొగ్గి కూర్చున్న గృహిణులు, పొయ్యిమీద పప్పు మాడుచున్నను లేచెడివారు కారు.

భద్రాద్రిపై పెండ్లి యొకనాటితో ముగిసి మరునాడు పట్టాభిషేకము జరుగగా, చుట్టునున్న పల్లెలలో పందిరి ఇంకను విప్పరు. పగలు వడపప్పు, పానకము; రాత్రి కథాకాలక్షేపము. ఆ పందిళ్లలో పూర్వము మొదటిస్థానము హరికథది. కాలికి గజ్జెలు, చేత చిడతలు, మెడలో పూలదండ ధరించిన ఒక్క మనుష్యుడు రాముడు, రావణుడు, శూర్పణఖ, సముద్రుడు అన్నియు తానే యై, రాగమును, పద్యమును, వచనమును, నృత్యమును కలగలిపి నాలుగైదు గంటలు జనమును కదలనీయకుండ నిలుపుట సామాన్యవిద్య కాదు. హరికథాపితామహుడని తెలుగువారు పిలుచుకొను అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) ఈ కళను శాస్త్రస్థాయికి ఎత్తినాడు. 1919లో విజయనగరమున స్థాపితమైన సంగీతకళాశాలకు తొలి అధ్యక్షుడైనాడు. హరికథయందు నవ్వునకు నియతమైన స్థానము పిట్టకథ. సీతాన్వేషణలో హనుమంతుడు దిగులుపడిన ఘట్టమున దాసుగారు చిడతలాపి, ఒక గయ్యాళి కోడలికథయో, పిసినారి షాహుకారుకథయో ఎత్తుకొనును. తెలియనివారు దీనిని విషయాంతర మందురు. నిజమునకు కునుకుపాట్లు పడుచున్న వెనుకవరుస మేలుకొనును. పిల్లలు మరల ముందుకు జరుగుదురు. లంకలోని దిగులు మన వీధిలోని దిగులుతో పోల్చబడి మనకు దగ్గర యగును. పిట్టకథ ముగిసి మరల గజ్జె ఘల్లుమన్నప్పుడు వినువాని చెవి కొత్తదై యుండును.

బుర్రకథలో ఈ పని మరింత స్పష్టముగా విభజింపబడినది. జంగముకథ, తందానకథ అని కూడ దీనికి పేర్లు. నడుమ నిలుచు కథకుడు భుజముపై తంబురా మీటుచు, కుడిచేతి వ్రేళ్ల యందెలను మ్రోగించుచు, ముందుకు వెనుకకు అడుగు వేయుచు కథ నడుపును. ఇరుప్రక్కల గుమ్మెటలు వాయించు వంతలిద్దరిలో ఒకడు లోకవ్యవహారమును, రాజకీయమును ఎత్తిచూపువాడు. రెండవవాడు హాస్యమునకు కర్త. కథకుడు యుద్ధమును వర్ణించి ఊపిరి తీసికొనుచుండగా, “అయితే గురువుగారూ, రాజు గుఱ్ఱమెక్కినాడు సరే, కూలివానికి బువ్వ ఎవరు పెట్టినారు?” అను విధమున హాస్యపు వంత అడ్డుతగులును. మొదట నవ్వు వచ్చును. ఆ తరువాత ప్రశ్న మనస్సులో మిగిలిపోవును. ఈ మిగిలిపోవు ప్రశ్నకు భయపడియే కాబోలు, మద్రాసులో ఆంగ్లప్రభుత్వమును, హైదరాబాదులో నిజాముప్రభుత్వమును బుర్రకథపై నిషేధము విధించినవి. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఈ కళను ఊరూర నడిపినది. గుంటూరుసీమలోని పొన్నెకల్లునందు 1920లో జన్మించిన షేక్ నాజర్ పల్నాటియుద్ధము, బొబ్బిలియుద్ధము మున్నగు కథలతో దానికి తలమానికమై, 1986లో పద్మశ్రీ నందుకొని, 1997లో కన్నుమూసెను. ఖమ్మమునకు పొరుగుననున్న నల్లగొండసీమలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల రూపమును తీసికొని దానిలోని పాటను, పరిహాసమును తెలంగాణ సాయుధపోరాటమునకు అప్పగించినాడు.

ఇట్టి ప్రశ్నకర్తలు మన కళలన్నింటను కలరు. తోలుబొమ్మలాటలో రామరావణుల బొమ్మలు తెరపైనుండి తప్పుకొనగానే కేతిగాడును బంగారక్కయు ప్రవేశించి ఊరి సంగతులన్నియు బయటపెట్టుదురు. తెలంగాణపల్లెలలోని చిరుతల రామాయణము మరియొక మెట్టు పైకి పోయినది. అందు ప్రదర్శించువారు వృత్తికళాకారులు కారు. పొలముపనులు తగ్గినకాలమున ఊరివారే ఒక గురువును పిలిపించుకొని, చిరుతలు పట్టి రాత్రులు అభ్యసించి, తమ ఊరి నడుమ తామే ఆడుదురు. నిన్నటివరకు గేదెలు కాచినవాడు నేడు హనుమంతుడై గంతులువేయునప్పుడు పుట్టు నవ్వులో వెక్కిరింత యుండదు, మనవాడను మమకారముండును.

గోదావరి కిరువైపుల అడవిలోనికి మరికొంత దూరము పోయినచో, వేసవియుత్సవమునకు ఇంతకంటె ప్రాచీనమైన రూపము కనబడును. కోయలు తమ పండుగను పండుమందురు. విత్తనము నేలలో పడకముందు, ఎండలు ముదిరినవేళ, వారు జరుపుకొను భూమిపండుగలో గ్రామదేవతకు విత్తనములు సమర్పించి ఊరంతయు పంచుకొందురు. పురుషులు విల్లంబులు ధరించి కలసికట్టుగా అడవికి పోవుట ఆచారము. 1972 నాటి వన్యప్రాణిసంరక్షణ చట్టము వచ్చిన తరువాత వేట చాలచోట్ల లాంఛనముగా మిగిలినది. స్త్రీలు బాటపై వరుసగా చేతులు కలిపి నిలిచి, రేలపాట పాడుచు, వచ్చిపోవు బండ్లనాపి, పండుగకట్నము వసూలు చేయుదురు. వేటకు పోయి వట్టిచేతులతో వచ్చిన మగవానికి ఆ దినమున మర్యాద దక్కదు. అతనిపై పాటలు కట్టి, పేడనీళ్లు చల్లి, ఊరి ఆడువారు ఆటపట్టింతురు. సంవత్సరమంతయు నాగలి పట్టిన చేతులతో సమానముగా పనిచేసిన ఆడుదానికి, ఒక్కనాడైనను ప్రశ్నించు అధికారము నిచ్చిన పండుగ యిది. రేల యనునది వారి పాటకు పల్లవి. ఆ కాలముననే పూచు చెట్టుకు పేరు.

అడవిదున్న కొమ్ములను, నెమలి యీకలను తలపాగకు కూర్చి, పెద్దడోళ్లను మ్రోగించుచు పురుషులు ఆడు కొమ్మునృత్యము చూచినవాడు దానిని మరువలేడు. కొమ్ములవారు ఒకరిపై నొకరు తలలు వంచి దున్నలవలె కలియబడుట నటించునపుడు, చుట్టు నిలిచిన పిల్లలు భయమును, నవ్వును ఒక్కసారిగా అనుభవింతురు. ఈ అరణ్యమున వ్రాతపుస్తకము డోలే. మణుగూరు మండలములోని కూనవరమునకు చెందిన సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల చరిత్రమును, కోయవీరుల వంశకథలను, గ్రంథమేమియు లేకుండ, కంచుతాళము మేళముతో డోలు వాయించుచు పాడెడివాడు. 2022లో భారతప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ ప్రకటించినది. 2024లో ఆయన గతించెను. అట్టి యొక కంఠము మూగబోయినపుడు ఒక గ్రంథాలయపు తలుపు మూతపడినట్లే యని నాకు తోచును.

పరదేశములందును వేసవికి, పాటకు, నవ్వునకు ఈ పొత్తు కలదు. స్కాట్లండులోని ఎడింబరో నగరమున 1947లో ఒక అంతర్జాతీయ కళోత్సవమును ఏర్పాటుచేయగా, పిలువని పేరంటముగా ఎనిమిది నాటకసమాజములు వచ్చి, ఉత్సవపు అంచున తమ ప్రదర్శనములు తామే ఇచ్చుకొన్నవి. ఆ అంచు ఉత్సవమే పెరిగి పెరిగి, నేడు ఆగస్టుమాసమున జగత్తులోని హాస్యగాండ్రందరిని ఆకర్షించుచున్నది. పెద్దపందిరిలో చోటు దొరకనివాడు వీధిలో నిలిచి నవ్వించినపుడు కళకు కొత్తనెత్తురు వచ్చునని దానివలన తెలియుచున్నది. మన పగటివేషగాడు ఈ రహస్యమును ఎన్నడో ఎరుగును; వాని రంగస్థలము మన వాకిలియే గదా.

ఈ వేసవి వేడుకలకు తొలిసారి వచ్చువారికి నాలుగు మాటలు చెప్పవలెను. భద్రాచలం రోడ్డు అను రైలుస్టేషను కొత్తగూడెమున నున్నది. అచ్చటినుండి భద్రాద్రికి ఇంచుమించు 40 కిలోమీటర్లు బస్సులో పోవలసియుండును. 1965లో గోదావరిపై వంతెన వచ్చుటకు ముందు యాత్రికులు పడవలలో దాటెడివారు. నేడు ఆ ప్రయాస లేదు. నవమినాడు మాత్రమే వచ్చి మధ్యాహ్నమే తిరిగిపోవుటకంటె, అష్టమి సాయంకాలమునకే చేరి ఎదురుకోలు చూచుట ఉత్తమము. నూలుబట్టలు, తలగుడ్డ, మంచినీళ్లు మరువరాదు. మిరియాలు దంచి కలిపిన బెల్లపుపానకము ఎక్కడ ఇచ్చినను వలదనరాదు. రాత్రి పందిరికి పోవునపుడు చాప తీసికొనిపోయి ముందువరుసలో కూర్చుండుడు. మంగళహారతి యగువరకు లేవకుడు. చదివింపులవేళ మీ పేరు చదివి హాస్యపు వంత ఏదో యొకటి అన్నచో, అది అవమానము కాదు, ఆ ఊరు మిమ్ము తనలో చేర్చుకొన్న గుర్తు. కోయగూడెమునకు పోవునపుడు పెద్దల అనుమతి గొనుడు. కెమెరా తీయుటకు ముందు పలుకరింపుడు. వారి పూజను వింతవస్తువుగా చూడకుడు. బాటపై పాడుచు మిమ్ము ఆపినచో విసుగుకొనక, కట్నము చెల్లించి, ఒక పాట వినిపొండు.

నా మనస్సును కలతపెట్టుచున్న విషయమొకటి కలదు. నేడు పందిళ్లకు కొదవ లేదు. విద్యుద్దీపములు నాటికంటె మిక్కిలిగా వెలుగుచున్నవి. కాని అనేకగ్రామములలో చిడత మ్రోగిన చోటనే డీజే పెట్టెలు నిలిచినవి. ఆ హోరులో పాట యుండవచ్చును గాని ప్రశ్నకు తావు లేదు. మాట వినబడనిచోట చమత్కారము పుట్టదు. వంత అడ్డుతగులుటకు అరక్షణము నిశ్శబ్దమైనను కావలెను. వాద్యమునకు పదివేలు వెచ్చించు ఉత్సవసంఘము, ఉత్సవపు రాత్రులలో ఒక్క రాత్రి ఒక బుర్రకథదళమును గాని, ఒక హరిదాసును గాని పిలిచి, బాలురను ముందువరుసలో కూర్చుండబెట్టినచో, కళ బ్రతుకుటకు అంతకు మించిన యుపాయము లేదు. కళాకారునికి బిరుదమిచ్చి శాలువ కప్పుట మంచిదే. పిలిచి కూర్చుండి తెల్లవారువరకు వినుట అంతకంటె మంచిది.

ప్రశ్నించుటకు ధైర్యము, ప్రశ్నింపబడుటకు ఓర్పు, ఈ రెంటిని మన ముందుతరములు బడిలో నేర్వలేదు. దేవుని వంశమును సైతము పరిహసింపవచ్చునని ఎదురుకోలులోను, రాజును నిలదీయవచ్చునని బుర్రకథలోను, మగవాని గొప్పను గూర్చి పాట కట్టవచ్చునని భూమిపండుగలోను నేర్చుకొన్నారు. నేర్చుకొన్నది నవ్వుచు నేర్చుకొన్నారు గనుక ఎవరికిని గాయము కాలేదు. రానున్న అష్టమినాటి సాయంకాలము, ఎండ వాలి గోదావరిమీదుగా గాలి తిరుగువేళ, మీ ఇంటి పిల్లలను వెంటబెట్టుకొని రండు. వారు ఏ పక్షమున కూర్చుండవలెనని మిమ్ము అడుగుదురు. ఆ నాయనమ్మ చెప్పిన సమాధానమే మీరును చెప్పి, వారిని ముందుకు పంపుడు.